ఇంజను నాది, సీటు తోటికోడలిది

ఆడవాళ్ళు పక్కింటి ఆడదాని నగ చూసి కుళ్ళుకుంటారు, చీర చూసి కుళ్ళుకుంటారు. నేను ఇంజను చూసి కుళ్ళుకున్నాను. ఈ మాట చెబితే మా వీధిలో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోనీ. నాకు సంతకం వరకే చదువు. నోటితో చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నా గొంతు వింటే పోట్లాటకు వచ్చాననుకుంటారు కొత్తవాళ్ళు. పోట్లాట కాదు. మార్కెట్లో చేపలమ్మి అమ్మి గొంతు అలా అయిపోయింది.

మాది ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. ఒక పక్క రొయ్యల గుంటలు, ఇంకో పక్క కరెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు. మా ఆయనకు డీజిలు పికప్ బండి ఉండేది. గుంటల్లో పట్టిన రొయ్యలను ఐసు వేసిన ట్రేలలో నింపుకొని నెల్లూరుకు తోలేవాడు. మా వైపు బండికి ఒళ్ళు నిలవదు. పైన ఉప్పుగాలి, లోపల ట్రేల నుంచి కారే ఉప్పునీళ్ళు. మొదట అడుగు రేకు పోతుంది, తరువాత తలుపులు, చివరికి చాసీ. ఇంజను మాత్రం నూనెలో నానుతూ ఉంటుంది కనుక దానికేమీ కాదు. అందుకే మా దగ్గర బండి చచ్చినా ఇంజను చావదు. ఒకదానిలోది విప్పి ఇంకోదానిలో వేసుకోవడం మాకు మామూలే. మా ఆయన సంగతి దీనికి తిరగబడింది. పైకి చూస్తే రాయిలాంటి మనిషి. లోపలిదే ఆగిపోయింది, అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

ఆయన ఉన్న రోజుల్లో నెల్లూరు మార్కెట్టుకు పోయే నా చేపల బుట్టలు వెనక ఉండేవి, నేను ముందు సీట్లో ఆయన పక్కన ఉండేదాన్ని. గేరు మార్చినప్పుడల్లా ఆయన చెయ్యి నా మోకాలికి తగిలేది. మూడో గేరు ముందుకు పడుతుంది, దానికి నా మోకాలితో పని లేదు. అయినా తగిలేది. ఏందయ్యా అంటే, బండి పాతది, గేరు సరిగ్గా పడటం లేదు అనేవాడు. ఆ మాట అంటూ అద్దంలో వెనక రోడ్డు చూసేవాడు, పెద్ద పనిమంతుడిలా.

ఆయన పోయాక ఆటోలే గతి అయ్యాయి. చేపల బుట్టతో రోడ్డు మీద నిలబడిన ఆడదాన్ని ఎక్కించుకోవడానికి ఆటోవాళ్ళకు మనసు రాదు. దూరం నుంచే బుట్ట చూసి, ఇంకాస్త వేగం పెంచి పోతారు. ఒకవేళ ఆపినా లోపల కాలేజీ పిల్లలు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంటారు. "అన్నా, చేపలు వద్దన్నా" అంటుంది ఒకతి. ఆటోవాడు నా ముఖం చూడకుండా ముందుకు పోనిస్తాడు. నేను మార్కెట్టుకు చేరేటప్పటికి నా జాగాలో ఇంకెవరో పట్టా పరిచి ఉంటారు. ఎండ ఎక్కిన చేప కోసం ఎవరూ ఆగరు. నా బతుకు మొత్తం ఒక సీటు మీద నడిచిందని అది పోయాకే తెలిసింది.

మా మరిదిది పక్క ఇల్లే. మధ్యన నడుమెత్తు గోడ. వాడొక బుడ్డ పికప్ కొన్నాడు, పాతది, పెట్రోలుది. ముక్కు లేని బండి అది, ముఖం బల్లపరుపుగా ఉంటుంది, ఇంజను సీట్ల కింద దాగి ఉంటుంది. ఖాళీగా బాగానే పరుగెత్తేది. లోడు ఎక్కించి గుంట కట్ట ఎక్కమంటే మాత్రం ముసలి దున్నపోతులా నిలబడిపోయేది. మా తోటికోడలు చీర చెక్కి, వెనక నుంచి నెట్టేది. వాళ్ళు అలా నెడుతుంటే నేను మా ఇంటి మెట్టు మీద కూర్చుని చేపలు తోముకుంటూ చూసేదాన్ని. చూడటం బాగుండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఒక పొద్దున మరిది గోడ దగ్గరికి వచ్చాడు.

"వదినా, ఒక మాట. కోప్పడబాక."

"కోపమొచ్చే మాటైతే చెప్పబాక."

"అన్న బండి అట్నే తుప్పు పడతా ఉండాది. ఒళ్ళు ఎటూ పోయింది. ఇంజను ఊరికే పడుండాది గదా. నా బండికి ఏసుకుంటే..."

"నీది బుడ్డ బండి. మీ అన్న ఇంజను అందులో యాడ పడతాది?"

"మేస్త్రీ చూసినాడు. కోసి పట్టిస్తానన్యాడు."

నేను చేతిలో చేప పక్కన పెట్టాను. ఇంటి ముందు మా ఆయన బండి టైర్లు దిగి ఒక పక్కకు ఒరిగి ఉంది. కోళ్ళు దాని కింద గుడ్లు పెడుతున్నాయి. దాన్ని తుక్కువాడికి ఇమ్మని అడిగిన వాళ్ళందరినీ తిట్టి పంపాను. కానీ మరిది అడిగింది వేరు. తుక్కు కాదు, మళ్ళీ తిరగడం.

"ఇస్తా. నాకు రూపాయి వద్దు. ముందు సీట్లో నాకు చోటు కావాల. నెల్లూరు పొయ్యే ప్రతిసారీ నేనూ, నా బుట్టా. ఇది మాట."

"అదేం భాగ్యం వదినా! ముందర ముగ్గురు కూచుంటారు. నేనూ, నువ్వూ, ఇంకొకరూ."

గోడ అవతల బట్టలారేస్తున్న తోటికోడలు తల తిప్పకుండానే అంది, "అక్క కాకపోతే ఇంకెవురు కూచుంటారు? అక్కదే గదా ఇంజను."

ఆ మాటలో తీపి నాకు నచ్చలేదు. అయినా మాట మాటే అనుకున్నాను.

ఇంజను దించే రోజు మూడు ఇనుప గొట్టాలు నిలబెట్టి, గొలుసు కట్టి, ముత్తుకూరు నుంచి వచ్చిన మేస్త్రీ మెల్లగా పైకి లాగాడు. బోల్టులు ఊడటం లేదు, తుప్పు. సుత్తితో కొడుతుంటే నా పళ్ళు జివ్వుమనేవి. చివరికి అది పైకి లేచి గాలిలో ఊగింది. నల్లగా, నూనె కారుతూ. అంత పెద్దదని నేను అనుకోలేదు. ఇన్నేళ్ళూ దాని వెనక కూర్చుని తిరిగినా దాని గొంతే తెలుసు నాకు, ముఖం ఎరగను. మరిది దాని మీద చెయ్యి వేసి ఆవుదూడను నిమిరినట్టు నిమిరాడు. ఆ చెయ్యి తీయమని అరవాలనిపించింది. తోటికోడలు పాత గుడ్డ తెచ్చి నూనె తుడవబోయింది.

"నువ్వుండు," అన్నాను. నేనే తుడిచాను. నూనె ఎంత తుడిచినా వస్తూనే ఉంది.

మేస్త్రీ ముత్తుకూరులో పుట్టి పెరిగిన సాయిబు. తండ్రి కాలం నుంచి అదే షెడ్డు. మంచి మాటకారి. నేను మార్కెట్టు నుంచి వస్తూ అక్కడ దిగి, పని ఎంతవరకు వచ్చిందో చూసి పోయేదాన్ని. ఆ బుడ్డ బండి సీట్లు విప్పి, లోపలి పాత ఇంజను తీసి బయట పెట్టాడు. అది మా ఆయన ఇంజను పక్కన పిల్లకోడిలా కనబడింది. నాకు లోపల గర్వంగా అనిపించింది.

గొలుసుతో దించి చూస్తే మా ఇంజను లోపలికి దిగింది గానీ తల మాత్రం సీటు మట్టాన్ని దాటి పైకి నిలబడింది. మేస్త్రీ కొలత టేపు తీసి అటు పెట్టి ఇటు పెట్టి, బీడీ వెలిగించాడు. ఆ రోజు మరిదికి అన్నం క్యారియరు తెచ్చిన తోటికోడలు కూడా అక్కడే ఉంది.

"ఇంజను పడతాది, గేరుబాక్సూ పడతాది," అన్నాడు మేస్త్రీ. "మనిషే పట్టడు."

"అంటే?" అన్నాను నేను.

"అంటే అమ్మా, నడుమ సీటు కొయ్యాల. ఇంజను మింద రేకు పెట్టె కట్టాల. గేరు రాడ్డు దాని పక్కనే వస్తాది. డ్రైవరు కాకుండా ఇంకొకరే కూచునేది. అదీ కాళ్ళు దగ్గర పెట్టుకోని."

"కిందికి దించలేవా?"

"దించితే గుంట కట్ట మింద రాళ్ళు తగిలి అడుగునుండే ఆయిలు సంపు పగిలిపోతాది. మీ ఊరి దోవలు నాకు తెలీవా?"

మరిది క్యారియరు మూత తీసి లోపలికి తొంగి చూశాడు, సాంబారులో ఏదో పడిపోయినట్టు. తోటికోడలు అంది, "ఒక సీటుంది గదా. చాల్లే." ఎవరికి చాలునో చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే అక్కడికక్కడే తేలిపోతుందని భయం. మాట ఇచ్చినవాడు ఉన్నాడు కదా, తేలనీ, వాడే చెప్పనీ అనుకున్నాను. మరిది మాత్రం అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు.

పని సాగింది. లేతు దగ్గర షాఫ్టు కోయించి అతికించారు. సైలెన్సరు గొట్టం వంచి వేరే దోవన పట్టించారు. ఇంజను మారిందని బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గర రాయించుకోవాలట, ఆ తిరుగుడంతా మరిది తిరిగాడు. నేను ఆటోల కోసం రోడ్డు మీద నిలబడుతూనే ఉన్నాను, ఆ సీటును తలుచుకుంటూ.

తొలిసారి స్టార్టు చేసే రోజు నన్నూ పిలిచారు. కొత్తగా కట్టిన బండికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. పసుపు కుంకుమ పెట్టేది ముత్తైదువ. నాకు చెప్పనవసరం లేదు, నేనే పోయి డీజిలు డ్రమ్ముల వెనక నిలబడ్డాను. తోటికోడలు పట్టుచీర కట్టుకుని వచ్చింది. తలనిండా మల్లెపూలు. ఇంజను మీది రేకు పెట్టె మూత తెరిచి, మా ఆయన ఇంజనుకు పసుపు పూసింది. దాని మీద బొట్టు పెట్టింది. చూపుడు వేలితో, మెల్లగా, గుండ్రంగా. ఎంతో ప్రేమగా పెట్టింది అన్నారు చూసినవాళ్ళు.

మేస్త్రీకి మన పద్ధతులు తెలిసినా ఆ క్షణాన మరిచిపోయినట్టున్నాడు. "ఇంజను పెద్దమ్మది గదా, ఆమెను కూడా ముందుకు పిలవండి," అన్నాడు. తోటికోడలు టెంకాయ అందుకుంది. నేను డ్రమ్ము వెనక ఇంకొంచెం జరిగాను. ఆయన బతికుండగా ప్రతి ఏడూ ఆ ఇంజను ఉన్న బండికి పసుపు పూసింది నేను. ఇప్పుడు నేను పూస్తే అరిష్టం. ఇంజనుకు తెలుస్తుందా ఈ తేడా? దానికి ఎవరి వేలైనా ఒకటేనా? ఆ రోజు నాకు మనుషుల మీద కాదు, ఆ ఇనప ముద్ద మీదే కోపం వచ్చింది. ఎవరు బొట్టు పెడితే వాళ్ళదైపోయింది.

మరిది తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. మొదట గరగరమని గొంతు సవరించుకుని, తరువాత కుదురుగా కొట్టుకోవడం. అదే. పొద్దున్నే నేను వాకిలి చిమ్ముతుంటే వినబడే గొంతు, సాయంత్రం మలుపు దగ్గరే గుర్తుపట్టి నేను అన్నం వడ్డించడానికి లేచే గొంతు. ఆ గొంతు ఇప్పుడు ఇంకొకరి బండిలోంచి వస్తోంది. తోటికోడలు చప్పట్లు కొట్టింది. నేను డ్రమ్ము పట్టుకుని నిలబడ్డాను, చేతికంతా డీజిలు.

మేస్త్రీ ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాడు. "రేడియేటరు చిన్నదే పెట్టినా. పెద్ద బండిదానికి ఉప్పుకు చిల్లులు పడ్డాయి. ఇంకొకటి దొరికిందాకా సగం లోడే ఎయ్యి. గుర్తు పెట్టుకో." మరిది తలూపాడు.

మరునాడు పొద్దున నేను బుట్టలు సర్దుకుని, ఉతికిన చీర కట్టుకుని వాకిట్లోకి వచ్చేటప్పటికి తోటికోడలు సీట్లో కూర్చుని ఉంది. అప్పుడే తలస్నానం చేసి, తడి జుట్టుకు పూలు తురుముకుని.

"అక్కా, కొత్త బండి గదా. కొన్నాళ్ళు పెండ్లాము పక్కన ఉండాలనింది మా అమ్మ. నీ బుట్టలు ఎనక పెట్టుకో. నువ్వు కూడా ఎనక కూచో, హాయిగా గాలి."

"మాట అట్టా కాదు గదా అబ్బయా?" అన్నాను మరిదితో.

వాడు అద్దం తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. "ఈ నాలుగు నాళ్ళూ వదినా. సర్దుకుంటాది."

వెనక ఎక్కాను. ఎక్కకపోతే మళ్ళీ ఆటోలు. రొయ్యల ట్రేల మధ్య, ఐసు పట్టా మీద, నా బుట్టల మధ్య నేనూ ఒక బుట్టనై కూర్చున్నాను. క్యాబిన్ వెనక చిన్న అద్దం కిటికీ ఒకటి ఉంది. అందులోంచి ఆమె జడ, పూలు, వాడి చెయ్యి, గేరు రాడ్డు కనబడేవి. రాడ్డు ఇప్పుడు ఇంజను పెట్టె పక్కన, ఆమె మోకాలికి ఆనుకుని ఉంది. ప్రతి మలుపు దగ్గరా వాడి చెయ్యి అటు పోయేది. నేను కళ్ళు తిప్పుకుని వరి పొలాలు చూసేదాన్ని. కొంగలు చూసేదాన్ని. మళ్ళీ కిటికీలోకే పోయేవి నా కళ్ళు. మా ఆయన ఇంజను గొంతు నా కింద, మా ఆయన తమ్ముడి చెయ్యి ఆమె మోకాలి మీద. కడుపులో నిప్పు అంటారే, అది మాట వరసకు కాదు. నిజంగానే వేడిగా ఉంటుంది.

ఊరుకోలేకపోయాను. కిటికీ అద్దం మీద తట్టేదాన్ని. బండి వేగం తగ్గించమని ఒకసారి. బుట్ట జారుతోందని ఒకసారి. దాహమని ఒకసారి. తట్టినప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి పళ్ళు కనబడేలా నవ్వేది.

"ఏందక్కా, మళ్ళీనా?"

ఊళ్ళో చెప్పుకుంది కూడా. "మా అక్కకు సీటు మింద ప్రాణం. ఊరికే గోకతా ఉంటాది ఎనకనించి." మార్కెట్లో నా పక్కన కూర్చునే ముసలామె నన్నే అడిగింది, "ఏంమే, బండి అద్దం గోకతా ఉండావంట?" అని. నేను పీతను తీసి ఆమె తక్కెట్లో వేశాను. అరిచింది.

అలా గడుస్తుండగా ఒక గుంటలో తెల్లమచ్చ కనబడింది. రొయ్యకు వచ్చే తెగులు అది. కనబడితే రైతు ఇంక ఆగడు. పెరిగినవీ పెరగనివీ ఉన్నవి ఉన్నట్టు పట్టించేస్తాడు, లేకపోతే తెల్లారేటప్పటికి గుంట మొత్తం తేలిపోతుంది. ఊళ్ళో బండ్లన్నీ అప్పటికే లోడ్లతో తిరుగుతున్నాయి. గుంట రైతు మా మరిది చెయ్యి పట్టుకున్నాడు. "ఎట్టయినా ఒక్క ట్రిప్పులో తోలవయ్యా." మరిది లోడు మొత్తం ఎక్కించాడు. సగం లోడు మాట వాడికి గుర్తుండే ఉంటుంది. కానీ ఆ ఇంజను మీద వాడికి పొగరు. మా అన్న ఇంజను, కొండనైనా లాగతాది అనేవాడు.

నేను ట్రేల పైన కూర్చున్నాను, తల దాదాపు ఆకాశానికి తగిలేలా. గుంట కట్ట ఎక్కింది బండి. ఒక్క మూలుగు లేదు. నాకు ఒళ్ళు పులకరించింది, చూశావా అని ఎవరితోనో అనబోయాను. పక్కన రొయ్యలు తప్ప ఎవరూ లేరు.

ముత్తుకూరు దాటి నెల్లూరు రోడ్డు పట్టాం. ఎండ ముదిరింది. కొంతసేపటికి గొంతు మారింది. ఏమని చెప్పను? ఎంత కాలం విన్నాను ఆ గొంతును! కుదురుగా కొట్టుకునేది కాస్తా పొడిదగ్గు దగ్గినట్టయింది. దాని వెంట ఒక కాలిన వాసన. నేను వంగి కిటికీ అద్దం మీద తట్టాను. ఆమె తిరగలేదు. చెయ్యి పైకెత్తి, ఉండు అన్నట్టు ఊపింది. గట్టిగా తట్టాను.

"ఆపరా! బండి ఆపు!"

కిటికీ సందులోంచి ఆమె మాట వినబడింది, మొగుడితో అంటోంది. "నువ్వు తోలు. అక్కకు మళ్ళీ సీటు గుర్తొచ్చింది."

వాడు నవ్వాడు. బండి వేగం తగ్గలేదు.

నా కుళ్ళు ఎంత పేరు తెచ్చుకుందో అప్పుడు తెలిసింది. నిప్పు అంటుకుందని అరిచినా నా కుళ్ళే అరిచిందనుకుంటారు. నేను బుట్టలో ఉన్న చేపల కత్తి తీసి, దాని పిడితో అద్దం పగలగొట్టాను. పగిలిన అద్దంలోంచి ముఖం పెట్టి అరిచాను. "మీ అన్న ఇంజను కాలిపోతా ఉండాది రా, నీ దుంప తెగ!"

అప్పుడు ఆపాడు. ఆపేటప్పటికే ముందు నుంచి ఆవిరి లేస్తోంది. ఇంజను ఆపేసినా లోపల కుతకుతమని ఉడుకుతున్న చప్పుడు. మరిది దూకి, బుర్ర మీద చేతులు పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. పోయింది, పోయింది అంటున్నాడు. నేను కిందికి దిగాను. ఆ ఇంజను వేడికి లోపల బిగుసుకుని పట్టేస్తే ఇంక ఏ బండిలోనూ లేవదు. తుక్కువాడి తక్కెట్లోకే. నాకు అప్పుడు సీటు గుర్తులేదు.

తోటికోడలు మాత్రం దిగలేదు.

"దిగు, అది చల్లబడాల," అన్నాను.

"దిగతా ఉండా."

దిగడం కాదు, తలుపు పట్టుకుని జారింది. కాలు నేల మీద పెట్టి అబ్బా అంది. చీర అంచు కాలికి అంటుకుని ఉంది. నేను వంగి చూశాను. మోకాలి కింద పిక్క మొత్తం ఎర్రగా కమిలి ఉంది. కొత్త బొబ్బలు ఉన్నాయి. వాటి కింద పాతవి, మానీ మానకుండా, పళ్ళపేస్టు పూసి ఎండినవి. ఇంజను పెట్టెకు ఆనిన పక్క. రేకు ఒక్కటే వేశాడు మేస్త్రీ, లోపల ఏమీ పరచలేదు. ఈమె తొలిరోజు నుంచీ దాని పక్కన కూర్చుని కాలుతోంది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంది మే?"

ఆమె పెదవి కొరుక్కుంది. కళ్ళలో నీళ్ళు. నొప్పికో, కోపానికో. "చెప్తే నువ్వు ఎక్కి కూచుంటావు గదా!"

ఎన్నాళ్ళ మాటో మరి, కట్ట తెగినట్టు వచ్చింది. "నువ్వు బావ పక్కన రాణిలాగా కూచోని పొయ్యేదానివి. నేను గేటు కాడ పేడనీళ్ళు చల్లతా నిలబడి చూసేదాన్ని. మొకం తిప్పి ఒక్కసారన్నా, నువ్వు కూడా రామే అన్యావా? నాకు అప్పుడు ఎంత మంటగా ఉండేదో నీకు తెల్సా? ఈ కాలు మంట ఏంది దానికి!"

గేటు దగ్గర ఆమె నిలబడటం నాకు గుర్తులేదు. నిజంగా లేదు. ఆ సీట్లో కూర్చుంటే గేట్లు కనబడవు. నేను ఐసు ముక్క తీసి గుడ్డలో చుట్టి ఆమె పిక్కకు పెట్టాను. గట్టిగానే ఒత్తాను. కేక పెట్టింది. జాలి వచ్చిన మాట నిజమే. అంత మంట ఓర్చుకుని ఆ సీటు పట్టుకుని కూర్చుందే అని ఇంకో రకం కుళ్ళు వచ్చిన మాట కూడా నిజమే. నేనైతే ఓర్చుకునేదాన్నా అని.

మరిది ఫోను చేస్తే మేస్త్రీ మోటారు సైకిలు మీద వచ్చాడు, దోవ పొడుగునా తిట్టుకుంటూ. ముందుగా ట్రేలన్నీ వేరే బండిలోకి మార్పించాడు. ఇంజను చెయ్యి పెట్టగలిగేంత చల్లబడేదాకా ఎవరినీ మూత ముట్టనివ్వలేదు. తరువాత టీ కొట్టు నుంచి మంచినీళ్ళు తెప్పించి కొంచెం కొంచెంగా పోశాడు. తాళం తిప్పమన్నాడు. మరిది తిప్పాడు. ఒకసారి ఊరికే తిరిగింది. నేను రోడ్డు పక్క గడ్డిని వేళ్ళతో పీకుతున్నాను. ఇంకోసారి తిప్పాడు. దగ్గింది, ఊగింది, అందుకుంది.

"దక్కింది," అన్నాడు మేస్త్రీ. "ఎవరు ఆపమన్యారో గానీ, ఇంకాస్త దూరం పోయుంటే ముక్కలు ఏరుకునేది."

మరిది నా ముఖం చూడకుండా అన్నాడు, "వదినా, ఇంక ముందర సీటు నీదే. దేవుడొచ్చినా నీదే."

పెద్ద రేడియేటరు దొరికింది. మేస్త్రీ ఇంజను పెట్టె లోపల మందంగా ఏదో పరిచి, పైన రెక్సిను కుట్టించాడు. ఈసారి పని శుభ్రంగా చేశాడు. వేడి ఇప్పుడు వస్తుంది గానీ కాలదు, ఎండలో గోడకు ఆనుకున్నట్టు ఉంటుంది. పగిలిన అద్దం మాత్రం ఇంకా వేయించలేదు.

ఇప్పుడు ముందు సీట్లో నేనే. మార్కెట్టుకు వేళకు పోతున్నాను, నా జాగా నాకు దొరుకుతోంది. కూర్చున్న మొదటి రోజే ఒక సంగతి తెలిసింది. మరిది గేరు మార్చేటప్పుడు మోచెయ్యి ఒంటికి దగ్గరగా ముడుచుకుని, నాకు తగలకుండా, గుళ్ళో గంట దొంగిలించేవాడిలా మెల్లగా రాడ్డు లాగుతాడు. మాట్లాడడు. పెద్దదాన్ని కదా నేను. వాడు ముందు చూస్తాడు, నేను ముందు చూస్తాను. ఇంజను గొంతు కూడా లోపల కూర్చుంటే ఆ గొంతు కాదు. పెట్టెలో మూసిన చప్పుడు, ఫ్యాను రొద.

వెనక మా తోటికోడలు. కాలు మానింది, మచ్చ మాత్రం ఉంది. ఐసు పట్టా మీద దుప్పటి పరుచుకుని, కాళ్ళు బారజాపుకుని, జుట్టు గాలికి వదిలేసి పడుకుంటుంది. ఫోనులో పుట్టింటివాళ్ళతో మాట్లాడుతుంది. మోటారు సైకిళ్ళ మీద పోయే తన ఊరివాళ్ళను గుర్తుపట్టి కేకలేస్తుంది. జామకాయ కొరుకుతూ ఆమె నవ్వే నవ్వు అద్దం లేని కిటికీలోంచి నేరుగా నా చెవిలో పడుతుంది. నేను వెనక కూర్చున్నన్ని రోజులూ అక్కడ అంత గాలి ఉందని నాకెందుకు తెలియలేదో!

మొన్న మరిది అడిగాడు, "వదినా, కూచునేదానికి బాగుండాదా? కావాలంటే ఈ పూట ఆమెను..."

"బాగుండాది," అన్నాను. "నువ్వు దోవ చూసుకోని తోలు."

వెనక్కి తిరిగి చూడకూడదనుకుంటాను. చూస్తూనే ఉంటాను. దిగమంటే మాత్రం దిగను.